బాట క్రింద నీటి గొట్టము : తొడుగు గొట్టములో స్పేసరుల ఎంపిక, అమరిక

చేవెళ్ల, మొయినాబాదు మండలములలో బోరు బాటకు ఒక ప్రక్కను, చేను మరియొక ప్రక్కను ఉన్న కమతములు అనేకము గలవు. అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు బోరున్న చెలక ఒకరికి, లేని చెలక మరొకరికి వచ్చినవి కొన్ని. ఒక ప్రక్క రాతిలో నీరు పడక రెండు మూడు బోర్లు ఎండిపోగా, ఎదుటి ప్రక్క పడిన ఒక్క బోరుతోనే రెండు ప్రక్కల సేద్యము సాగించుచున్నవి మరికొన్ని. ఇట్టి చోట్ల నీరు బాటను దాటక తప్పదు. బాటకు అడ్డముగా గొట్టము వేయని రైతు ఈ ప్రాంతమున అరుదు.

వ్యవసాయ శాఖ వారు విత్తనములు, ఎరువులు, పురుగుమందుల సంగతి చెప్పక గొట్టముల సంగతి ఏల వ్రాయుచున్నారని కొందరికి తోచవచ్చును. క్యారెట్ గింజ మొలచుటకు వారము మొదలు పదిహేను దినముల వరకు పట్టును. అంతవరకు మడి పైపొర ఆరకూడదు. ఆ దినములలో బాట క్రింద గొట్టము పగిలినచో, బాటను త్రవ్వుటకు అనుమతి వచ్చి, కూలీలు దొరికి, గొట్టము మార్చునప్పటికి గింజ మట్టిలోనే చచ్చును. పాలీహౌసులలో జెర్బెరా, గులాబి పెంచువారికి ఏప్రిల్, మే మాసములలో రెండు దినములు నీరు అందకున్నను పూత దెబ్బతినును. కావున ఏ ఎరువు వేయవలెనను ప్రశ్న ఎంత ముఖ్యమో, బాట క్రింద గొట్టము ఎట్లున్నదను ప్రశ్నయు అంతే ముఖ్యమైనది.

బాట క్రింద నీటి గొట్టమును ఒంటరిగా పాతిపెట్టరాదు. దానికంటె పెద్దదైన వేరొక గొట్టమును ముందుగా బాట క్రింద వేసి, దాని లోపలినుండి నీటి గొట్టమును తీసికొని పోవలెను. ఈ పెద్ద గొట్టమును కేసింగు అందురు. మన రైతులకు కేసింగు అనగానే బోరుబావిలో దించునది జ్ఞప్తికి వచ్చును గనుక, ఈ వ్యాసమున దీనిని తొడుగు గొట్టమని పిలుచుచున్నాము. లారీల బరువు తొడుగు గొట్టము మీద పడును గాని నీటి గొట్టము మీద పడదు. లోపలి గొట్టము చెడిపోయినచో బాటను త్రవ్వకుండ ప్రక్కనుండి బయటకు లాగి క్రొత్తది ఎక్కించవచ్చును. పగిలిన గొట్టములోని నీరు బాట అడుగున ఉన్న కంకరను, మట్టిని కొట్టుకొనిపోయి గుంత చేయకుండును. రాత్రివేళ మోటారు సైకిలు మీద వచ్చువాని ప్రాణము అట్టి గుంత వలన పోవచ్చునని మరువరాదు.

ఇంతవరకు చాలమంది చేయుచున్నారు. సిమెంటు తూము గొట్టములు (హ్యూము పైపులు) నాలుగు పేర్చి, వాటిలో పి.వి.సి. గొట్టమును దూర్చి, ఇరుప్రక్కల మట్టి కప్పి పని ముగిసినదని అనుకొందురు. చిక్కు అక్కడనే మొదలగును. లోపలి గొట్టము తొడుగు గొట్టపు అడుగున పడి ఉండును. పి.వి.సి. గొట్టములను ఒకదానిలో నొకటి దూర్చి అతుకుదుము గదా, ఆ అతుకు వద్ద ఉబ్బెత్తుగా ఉండు భాగమును సాకెట్టు అందురు. బరువంతయు ఆ సాకెట్టు అంచుల మీదనే నిలుచును, మధ్యభాగము వ్రేలాడును. మోటారు వేసినప్పుడు, ఆపినప్పుడు గొట్టము ఒక్క కుదుపు కుదియును. సెకనుకు ఒక మీటరు వేగముతో పోవుచున్న నీరు హఠాత్తుగా ఆగినచో, పి.వి.సి. గొట్టములో దాదాపు 30 మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన అదనపు పీడనము, అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 3 కిలోలు, క్షణకాలము కలుగును. కరెంటు పోయినప్పుడెల్ల ఈ దెబ్బ తగులును. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల కరెంటు ఇచ్చుట మొదలైనది. అంతకు పూర్వము కరెంటు వచ్చు వేళ తెలియక పెట్టుకొన్న ఆటోమేటిక్ స్టార్టర్లు నేటికిని పెక్కు బోర్లకు ఉన్నవి. కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల వాటి వలన మోటారు తనంతట తానే తిరుగును. కుదుపు కుదుపునకు సాకెట్టు సిమెంటు గరుకు మీద రాచుకొని, ఆకురాయి పెట్టి అరగదీసినట్లు అరిగిపోవును. పైకి ఏమియు కానరాదు.

ఈ రాపిడి లేకుండ లోపలి గొట్టమును తొడుగు గొట్టమునకు తగులనీయక, నడుమ ఎడము కల్పించి నిలుపు పట్టీనే స్పేసరు అందురు. ఇది గొట్టము చుట్టును బిగించు ఉంగరము వంటిది. దాని నుండి నలువైపుల కాళ్లు, లేక పొడుగాటి దిమ్మెలు, బయటకు పొడుచుకొని వచ్చియుండును. ఈ కాళ్లు తొడుగు గొట్టపు గోడను ఆనుకొనును, గొట్టము నడుమ నిలుచును. కాళ్లు నునుపుగా ఉండును గనుక గొట్టమును లోపలికి లాగునప్పుడు జారుటకు కూడ తోడ్పడును.

ఎంపికలో మొదట చూడవలసినది పదార్థము. పి.వి.సి., హెచ్.డి.పి.ఇ. నీటి గొట్టములకు గట్టి ప్లాస్టిక్‌తో (హెచ్.డి.పి.ఇ. లేక పాలీప్రొపిలీన్) చేసిన స్పేసరులు చాలును. రెండు మూడు ముక్కలుగా వచ్చును, బోల్టులతో గాని కొక్కెములతో గాని కలుపవచ్చును. ఇనుప పట్టీకి ప్లాస్టిక్ కాళ్లు అమర్చినవి పెద్ద ఇనుప గొట్టముల కొరకు ఉద్దేశింపబడినవి. వాటి ఖర్చు మన 63, 75, 90, 110 మిల్లీమీటర్ల గొట్టములకు అనవసరము. లెక్క చూడుడు. 110 మి.మీ. గొట్టము మీటరు పొడవున సుమారు 8½ లీటర్ల నీరు పట్టును. గొట్టపు బరువుతో కలిపి మీటరుకు 10 కిలోలకు కొంచెము పైన. మీటరున్నరకు ఒక స్పేసరు పెట్టినచో ఒక్కొక్క దాని మీద పడునది 16 కిలోలు మాత్రమే. కావున స్పేసరు బలము కంటె దాని ఎత్తు, దాని పట్టు, దాని చోటు ఈ మూడును ముఖ్యము.

నీటి గొట్టము జి.ఐ. గొట్టమై, తొడుగు గొట్టము కూడ ఇనుపదైనచో సంగతి వేరు. రెండు లోహములు తడిలో ఒకదానికొకటి తగిలియున్నచో తుప్పు త్వరగా పట్టును. అందువలన అట్టి చోట ఇనుము ఇనుమునకు తగులని స్పేసరులే వాడవలెను, పట్టీ క్రింద రబ్బరు పొర కూడ ఉండవలెను. ప్రపంచమంతట చమురు, గ్యాసు గొట్టములు రోడ్లను, రైలు పట్టాలను దాటుచోట్ల స్పేసరులను ఇన్సులేటర్లని పిలుచుటకు కారణమిదియే. తుప్పు పట్టకుండ ఆ గొట్టములలోనికి పంపు స్వల్ప విద్యుత్తు, తొడుగునకు ఒక్క చోట తగిలినను అటు పోయి వ్యర్థమగును.

ఇక చెక్క దిమ్మెలు. గొట్టమునకు చుట్టును చెక్క ముక్కలు పెట్టి తీగతో కట్టుట పాత పద్ధతి. పెద్ద నగరములలోను పూర్వము ఇట్లే చేసెడివారు. మన ఎర్ర చెలకలలో చెదలు చెక్కను బ్రతుకనీయవు. చెక్క పోయిన పిమ్మట మిగిలిన తీగ గొట్టమును కోయును. ఇటుక ముక్కలు, రాతి ముక్కలు పెట్టుట అంతకంటె హీనము, అవి మొదటి కుదుపునకే తొలగి సూదిమొనవలె ఒక్క చోట ఒత్తును. పొలముల నడుమ బండ్ల బాటకైతే పాత స్ప్రింక్లరు గొట్టమును ఉంగరములుగా కోసి, నిలువున చీల్చి, నీటి గొట్టమునకు రెండు మూడు పొరలు తొడిగి నైలాను పట్టీలతో బిగించుట మేము తప్పు పట్టము. పొరలు సాకెట్టు కంటె ఎత్తు కావలెను, అంతే. తారు రోడ్డు క్రింద మాత్రము ఈ పొదుపు పనికిరాదు. అచట మరల చేయి పెట్టు అవకాశము సులభముగా దొరకదు.

కాళ్ల ఎత్తును ఊహించి కొనరాదు. సాకెట్టు వద్ద బయటి వ్యాసమును కొలువుడు. 110 మి.మీ. గొట్టమునకు సాకెట్టు వద్ద 128 మి.మీ. వచ్చినదనుకొనుడు. గొట్టము కంటె సాకెట్టు ఒక్కొక్క ప్రక్క 9 మి.మీ. పొడుచుకొని యున్నదన్నమాట. సాకెట్టునకు, తొడుగు గోడకు నడుమ కనీసము 20 మి.మీ. ఖాళీ కావలెను. 9, 20 కలిపిన 29. కావున 35 మి.మీ. కాళ్లు గల స్పేసరు తీసికొనవలెను. ఇప్పుడు గొట్టము 110, రెండు ప్రక్కల కాళ్లు 70, పట్టీ మందము రెండు ప్రక్కల కలిపి 6, మొత్తము 186 మి.మీ. తొడుగు గొట్టపు లోపలి వ్యాసము 200 అయినచో మిగులునది 14 మి.మీ. మాత్రమే. తూము గొట్టముల అతుకులు ఒకదానితో నొకటి సరిగా కలియక కొంచెము ఎత్తు పల్లములగుట సహజము. స్పేసరు అచట తట్టుకొని ఆగిపోవును. 250 మి.మీ. తొడుగు తీసికొన్నచో ఏ చిక్కును లేదు. లెక్కలు వేయు ఓపిక లేనివారు, తొడుగు లోపలి వ్యాసము నీటి గొట్టపు బయటి వ్యాసమునకు రెండింతలకు తగ్గకుండ చూచుకొనిన పొరపాటు రాదు. తారు రోడ్డు క్రింద వేయు హ్యూము పైపు ఎన్.పి.3 లేక ఎన్.పి.4 తరగతికి చెందినదై యుండవలెను. ఎన్.పి.2 తక్కువ ధరకు వచ్చినదని మోసపోరాదు.

కాళ్లు క్రింది వైపుననే చాలును గదా, పైన ఎందుకని కొందరు అడుగుదురు. ఇది ఆలోచింపదగిన ప్రశ్న. వానకాలమున తొడుగు గొట్టములోనికి నీరు చేరినదనుకొనుడు. అదే సమయమున పంట లేక మోటారు ఆపియుండి, లోపలి గొట్టము ఖాళీగా ఉన్నదనుకొనుడు. 110 మి.మీ. గొట్టము మీటరు పొడవునకు 9½ కిలోల నీటిని తొలగించును, దాని సొంత బరువు రెండు కిలోలు కూడ లేదు. మీటరుకు సుమారు 8 కిలోల బలముతో అది పైకి తేలును. పైన కాళ్లు లేనిచో సాకెట్టు తొడుగు కప్పునకు కొట్టుకొనును, నడుమ విల్లువలె వంగి అతుకు సడలును. కావున చుట్టును కాళ్లున్న స్పేసరులనే కొనుడు. బిగించునప్పుడు క్రింది రెండు కాళ్లు గడియారములో 5, 7 అంకెలు ఉండు చోట్ల రావలెను. బోల్టుల తలలు అడుగునకు రాకూడదు. అన్ని స్పేసరుల కాళ్లు ఒకే వరుసలో నుండవలెను.

స్పేసరుల సంఖ్యకు ఒక ఉదాహరణ చెప్పెదము. తొడుగు గొట్టము 12 మీటర్లు. 6 మీటర్ల పి.వి.సి. గొట్టములు మూడు కలిపినచో 18 మీటర్లు. ప్రతి వైపున 3 మీటర్లు బయట నుండునట్లు అమర్చినచో అతుకులు తొడుగు మొదటినుండి సుమారు 3 మీటర్ల వద్దను, 9 మీటర్ల వద్దను వచ్చును. ప్రతి అతుకునకు అటు 30 సెంటీమీటర్ల దూరమున ఒకటి, ఇటు 30 సెంటీమీటర్ల దూరమున ఒకటి. తొడుగు రెండు మూతులకు లోపల 30 సెంటీమీటర్ల వద్ద ఒక్కొక్కటి. ఇవి 6 అయినవి. మిగిలిన ఖాళీలలో ఎచ్చటను మీటరున్నరకు మించకుండ, మొదటి భాగమున ఒకటి, నడిమి భాగమున మూడు, చివరి భాగమున ఒకటి. మొత్తము 11. అంగడివాడు నాలుగు చాలునన్నను వినరాదు. మూతుల దగ్గరి స్పేసరులను మానుట అన్నిటికంటె ప్రమాదకరము, బయటి మట్టి దిగబడినప్పుడు గొట్టము తొడుగు అంచు మీదనే విరుగును.

పని మొదలు పెట్టుటకు ముందు బాట ఎవరిదో తెలిసికొనుడు. గ్రామ బాట పంచాయతీరాజ్ ఇంజనీరింగు వారిది, జిల్లా రోడ్డు రోడ్లు భవనముల శాఖది. మొయినాబాదు, చేవెళ్లల మీదుగా పోవు బీజాపూరు రోడ్డు జాతీయ రహదారి 163. అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్లు దానిని నాలుగు వరుసలుగా విస్తరించు పని చేపట్టబడినది. ఆ రోడ్డు క్రింద నేడు వేయు తొడుగు ఉన్న తారు వెడల్పునకు కాక, విస్తరణ హద్దు వరకు ఉండవలెను. లేనిచో క్రొత్త రోడ్డు మీ మూతులను కప్పివేయును. జాతీయ రహదారుల క్రింద గొట్టములు, తీగలు వేయుటకు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2016లో ఇచ్చిన సూచనల ప్రకారము తొడుగు పైభాగము రోడ్డు మట్టమునకు కనీసము 1.2 మీటర్ల లోతున, ప్రక్క కాలువ అడుగునకు కనీసము 0.3 మీటర్ల దిగువన ఉండవలెను. కట్ట మీద పోవు రోడ్డయినచో కట్ట అడుగు నుండి అడుగు వరకు, లోతు కోతలో పోవునదైనచో కాలువ నుండి కాలువ వరకు తొడుగు పొడవుండవలెను. చివరలు మూసివేయవలెను. ఈ రోడ్డునకు ఇరుప్రక్కల నున్న మర్రి చెట్ల మొదళ్లకు దగ్గరగా రంధ్రము వేయరాదు. వేళ్లు తెగుట చెట్టుకు చేటు, తడి తగిలిన అతుకులోనికి మర్రి వేరు దూరుట గొట్టమునకు చేటు.

తొడుగును వేయునప్పుడు ఒక వైపునకు కొద్దిగా వాలు ఇయ్యవలెను. 12 మీటర్లకు 6 సెంటీమీటర్లు చాలును, రసమట్టముతో గాని మేస్త్రీల నీటి గొట్టముతో గాని చూడవచ్చును. వేసిన పిమ్మట ఒక చివర టార్చిలైటు పెట్టి మరియొక చివరనుండి చూడుడు. వెలుగు గుండ్రముగా కనబడవలెను. సిమెంటు ముద్దలు, రాళ్లు, మట్టి అన్నియు నీటితో కడిగివేయుడు. తరువాత ఒక స్పేసరు బిగించిన మీటరు పొడవు గొట్టపు ముక్కను త్రాటితో ఈ చివర నుండి ఆ చివరకు లాగి చూడుడు. అది ఆగకుండ పోయినచో తక్కినదియు పోవును.

గొట్టములను బయటనే అతికి, జిగురు (సాల్వెంటు సిమెంటు) ఒక దినమంతయు ఆరనిచ్చిన పిమ్మటనే లోపలికి పంపవలెను. తొందరపడి తడి అతుకును లాగినచో తొడుగు నడుమ ఊడివచ్చును. త్రాటిని గొట్టపు ముందు భాగమునకు కట్టి లాగుట చాలమంది చేయు పని. అట్లు లాగినచో ప్రతి అతుకును సాగదీసినట్లగును. త్రాటిని గొట్టము లోపలినుండి వెనుక చివరకు తీసికొనిపోయి, అచట ఒక అడ్డకర్రకు కట్టి, ముందునుండి లాగుడు. అప్పుడు అడ్డకర్ర వెనుకనుండి నెట్టుచుండును, అతుకులు ఊడుటకు బదులు బిగియును. కాళ్లకు సబ్బు నీరు పూయవచ్చును. గ్రీజు, కాలిన ఆయిలు పూయరాదు, రబ్బరు వాషర్లు ఉబ్బి చెడును. స్పేసరు పట్టీలు చేతితో త్రిప్పిన తిరుగనంత బిగువుగా ఉండవలెను. వదులైనచో అన్నియు జారి మూతి దగ్గర గుమిగూడును. అట్లని స్పానరుతో మితిమీరి బిగించినచో గొట్టము కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చును.

వీలైనవారు పి.వి.సి.కి బదులు ఒకే పొడవున చుట్టగా వచ్చు హెచ్.డి.పి.ఇ. గొట్టము వాడుట మేలు. తొడుగు లోపల అతుకే ఉండదు.

మూతులు మూయుటకు ముందు పరీక్ష చేయవలెను. గొట్టమును మెల్లగా నింపి గాలినంతయు పోనిచ్చి, మీ మోటారు ఇచ్చు పీడనమునకు ఒకటిన్నర రెట్లు ఒక గంటసేపు ఉంచి, వాలు చివర చూడుడు. గొట్టపు తరగతికి మించిన పీడనము పెట్టరాదు. ఒక్క చుక్క కారినను బయటకు లాగి సరిచేయుట ఆ దినముననే సులువు.

తరువాత చివరలు. రబ్బరు మూతి తొడుగులు దొరకును. అవి లేనిచోట ఇటుక, సిమెంటుతో మూయవచ్చును గాని, నీటి గొట్టము చుట్టును మందమైన రబ్బరు షీటు చుట్టిన పిమ్మటనే సిమెంటు పెట్టవలెను. ఎండకు, చలికి పి.వి.సి. సాగును, ముడుచుకొనును. 20 డిగ్రీల తేడాకు 12 మీటర్ల గొట్టము సుమారు 17 మి.మీ. సాగును. సిమెంటు దానిని పట్టి ఉంచినచో అచటనే చిట్లును. మూతులు తెరచి వదలివేసినచో ఎలుకలు, పందికొక్కులు చేరును. తొడుగు లోపలి ఖాళీనంతయు ఇసుకతోనో కాంక్రీటుతోనో నింపుదమని కొందరు మేస్త్రీలు చెప్పుదురు. ఒప్పుకొనకుడు. ఇక ఆ గొట్టమును ఎన్నడును బయటకు తీయలేరు, తొడుగు వేసిన ఖర్చంతయు వృథా.

వాలు చివర మూతకు అడుగున 20 మి.మీ. గొట్టపు ముక్క నొకటి పెట్టి దానికి బిరడా బిగించి, చుట్టును చిన్న ఇటుకల గుంట కట్టి పలక మూయుడు. నెలకొకసారి, మొదటి పెద్దవాన తరువాత తప్పక, ఆ బిరడా తీసి చూడుడు. నీరు వచ్చినచో అంతయు పోనిచ్చి, ఒక రాత్రి మోటారు వేయక ఉదయమున మరల చూడుడు. మోటారు ఆపియున్నను మరల నీరు చేరినచో అది నేలలోని ఊట, మూతుల రబ్బరు బిగించిన చాలును. మోటారు నడిచిన దినములలోనే నీరు చేరి, ఆపిన దినమున చేరకున్నచో లోపలి గొట్టము కారుచున్నదని అర్థము. క్యారెట్ విత్తుటకు ముందే దానిని లాగి మార్చుకొనుడు.